పలచని ఆక్సైడ్ పొరను కరెంట్ ఎలా దాటుతుంది?

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలు. ఇన్సులేటర్‌లో కదిలే ఛార్జే లేనప్పుడు అల్యూమినియం, ఆక్సైడ్, అల్యూమినియం జంక్షన్‌లో (రెండు లోహపు పొరల మధ్య పలచని ఇన్సులేటర్ ఉన్న అమరికలో) కరెంట్ ఎట్లా పోతుంది, ఎలక్ట్రాన్ "శక్తి అప్పు తీసుకొని" అవరోధం దాటుతుందని క్లాసులో చెప్పింది నిజమేనా అన్నది మొదటిది. రెండోది నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు సంగతి. నువ్వు చేసిన జంక్షన్ కరెంట్-వోల్టేజ్ కర్వ్‌కు, అవరోధం మందం, ఎత్తు రాబట్టే సిమన్స్ ఫార్ములా ఫిట్ చేస్తే మందం 0.9 నానోమీటర్ వచ్చింది, ఆక్సైడ్ చూస్తే 2 నానోమీటర్ల దాకా ఉండాలి. మూడోది, పరకాల దగ్గర మీ పొలంలో బోరు మోటారుకు పోయే అల్యూమినియం వైరు జాయింట్ మీద కూడా ఇదే ఆక్సైడ్ ఉంటుంది కదా, అక్కడ పోయేది కూడా టన్నెలింగ్ (ఎలక్ట్రాన్ అవరోధాన్ని ఎక్కకుండానే దాని గుండా దాటడం) కరెంటేనా అని. మూడూ మంచి ప్రశ్నలే. మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది, దాన్ని చివర్లో వివరంగా చెప్తాను.

ముందు ఆ అప్పు సంగతి తేల్చుకుందాం. ఎలక్ట్రాన్ ఎవరి దగ్గరా శక్తి అప్పు తీసుకోదు. ఎడమ పక్క అల్యూమినియంలో అది ఏ శక్తితో ఉందో ఆక్సైడ్ లోపల కూడా అదే శక్తి, కుడి పక్క లోహంలోకి చేరినప్పుడూ అదే శక్తి. అవరోధం కాలంతో మారనంతవరకు ష్రోడింగర్ సమీకరణం శక్తిని మొదటినుంచి చివరిదాకా ఒకే విలువ దగ్గర ఉంచుతుంది. అప్పు కథ వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, అది నమ్మినవాళ్లు టన్నెలింగ్‌కు వేడి సాయం చేస్తుందని అనుకోవడం మొదలుపెడతారు. గోడ ఎక్కి దూకడానికి వేడి కావాలి. ఇక్కడ ఎక్కడం లేదు, దూకడం లేదు. ఉష్ణోగ్రతతో దాదాపు మారకపోవడమే టన్నెలింగ్‌కు అసలు గుర్తు, నీ ప్రాజెక్టుకు ఇది చాలా అవసరం పడుతుంది.

మరి జరిగేదేమిటి? లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ తరంగం ఆక్సైడ్ అంచు దగ్గరికి వచ్చి కత్తితో కోసినట్టు ఆగిపోదు. అల్యూమినియం ఆక్సైడ్‌కు పెద్ద శక్తి అంతరం ఉంది, మన ఎలక్ట్రాన్ శక్తి ఆ అంతరం మధ్యలో ఎక్కడో పడుతుంది. ఒక పదార్థం ఇన్సులేటర్ అంటే ఆ శక్తి దగ్గర దాని లోపల ప్రయాణించే తరంగం లేదని అర్థం. లోపలికి పోయేకొద్దీ తగ్గిపోయే తరంగం కూడా లేదని మాత్రం కాదు. మిల్లీమీటరు మందమున్న ఇన్సులేటర్‌లో ఆ తగ్గే తోక ఎవరికీ పట్టదు. మందం ఒకటి రెండు నానోమీటర్లకు దిగితే ఆ తోక అవతలి లోహాన్ని తాకుతుంది. అక్కడ మళ్లీ ప్రయాణించే తరంగం దొరుకుతుంది, అంతే. కాబట్టి "ఇన్సులేటర్‌లో కదిలే ఛార్జ్ లేదు" అన్న నీ మాట పూర్తిగా సరైనదే. కరెంట్ మోసేవి రెండు పక్కలా ఉన్న లోహాల ఎలక్ట్రాన్లు. ఆక్సైడ్ తన ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా ఇవ్వదు.

ఇక్కడ చాలామంది పాఠాలు వదిలేసే ఒక చిన్న మెలిక ఉంది, నువ్వు వదలకు. అవరోధం లోపల కేవలం తగ్గే తరంగం ఒక్కటే ఉంటే దాని సంభావ్యతా ప్రవాహం లెక్కకట్టి చూడు, సున్నా వస్తుంది. ఎందుకంటే అలాంటి తరంగ ప్రమేయాన్ని వాస్తవ సంఖ్యగా రాసేయొచ్చు, ఫేజ్ ఎక్కడా మారదు. అనంతమైన మందమున్న ఇన్సులేటర్‌లో జరిగేది ఇదే, తరంగం లోపలికి చొచ్చుకొస్తుంది కానీ ఏదీ దాటదు. అవతల లోహం ఉన్నప్పుడు తగ్గే భాగంతో పాటు కుడి అంచు వైపు పెరిగే చిన్న భాగం కూడా పుడుతుంది. కుడి అంచు దగ్గర ఈ రెండూ ఇంచుమించు సమాన పరిమాణంలో, ఫేజ్ తేడాతో ఉంటాయి. కరెంట్ మోసేది ఈ రెండింటి లబ్ధం. తగ్గే దానికీ పెరిగే దానికీ ఘాతాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక అవరోధం లోపల ఏ బిందువు దగ్గర చూసినా ప్రవాహం ఒకటే విలువ. "మధ్యలో ఎలక్ట్రాన్ ఉండే సంభావ్యత అంత తక్కువైతే కరెంట్ మధ్యలో తెగిపోదా?" అని రాశావు కదా, దానికి జవాబు ఇదే. ఒక కాగితం తీసుకొని చేత్తో చేసి చూడు, అరగంట పని.

ఇగ వోల్టేజ్ ఏం చేస్తుంది? వోల్టేజ్ లేనప్పుడు కూడా ఎలక్ట్రాన్లు రెండు దిక్కులా దాటుతూనే ఉంటాయి, రేటు సమానం కాబట్టి మీటరులో ఏమీ కనబడదు. 10 మిల్లీవోల్టులు పెడితే ఒక పక్క ఫెర్మీ స్థాయి, అంటే లోహంలో ఎలక్ట్రాన్లు నిండి ఉన్న పై మట్టం, 10 మిల్లీఎలక్ట్రాన్ వోల్టులు పైకి పోతుంది. ఆ ఇరుకు కిటికీలో ఎడమ పక్క నిండిన స్థితులకు ఎదురుగా కుడి పక్క ఖాళీ స్థితులుంటాయి. నికర కరెంట్ అక్కడినుంచే వస్తుంది. దాటిన ఎలక్ట్రాన్ కుడి లోహంలో ఫెర్మీ స్థాయికి పైన, వేడి ఎలక్ట్రాన్‌గా దిగుతుంది. తర్వాత ఇతర ఎలక్ట్రాన్లకూ జాలకానికీ ఆ శక్తిని పంచుతుంది. అంటే వోల్టేజ్ మొత్తం పడేది ఆక్సైడ్ మీద, వేడి పుట్టేది మాత్రం లోహంలో. మామూలు రెసిస్టర్ అలవాటైనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. అవరోధం ఎత్తును ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకొని వర్గమూలం కట్టు. మందాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో పెట్టు. రెండింటినీ గుణించి 1.025తో మళ్లీ గుణించు. వచ్చిన సంఖ్య 2.718 మీద రుణ ఘాతం, అదే దాటే సంభావ్యత పరిమాణం. ఎత్తు 2 ఎలక్ట్రాన్ వోల్టులు, మందం 1 నానోమీటర్ అయితే ఘాతం 14.5, సంభావ్యత సుమారు కోటికి 5. మందం 2 నానోమీటర్లు చేస్తే ఘాతం 29 అవుతుంది, అంటే ఇంకో 20 లక్షల వంతు తగ్గింది. ఒక్క ఆంగ్‌స్ట్రామ్ తేడా, అంటే ఒక పరమాణువు వెడల్పు కన్నా తక్కువ, కరెంట్‌ను 4 రెట్లకు పైగా మారుస్తుంది. 1981లో బిన్నిగ్, రోరర్ కట్టిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ మొత్తం ఈ ఒక్క గుణం మీదే నిలబడింది, 1986లో వాళ్లకు నోబెల్ వచ్చింది. వాళ్లకు వరమైన ఈ గుణమే నీ జంక్షన్‌కు శాపం.

ఎందుకంటే నీ ఆక్సైడ్ ఎక్కడా ఒకే మందంలో ఉండదు. గాజు స్లైడ్ మీద ఆవిరి పట్టించిన అల్యూమినియం చిన్న చిన్న రేణువులుగా పేరుకుంటుంది, రేణువుల అంచుల దగ్గర ఎత్తుపల్లాలుంటాయి, ఆక్సైడ్ ఆ మిట్టపల్లాల మీదే పెరుగుతుంది. నీ జంక్షన్ వైశాల్యంలో నూటికి 99 వంతులు 1.5 నానోమీటర్లు, మిగిలిన 1 వంతు 1.2 నానోమీటర్లు అనుకో. 3 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాకు ఆ పలచని చోట చదరపు మైక్రాన్‌కు కరెంట్ 77 రెట్లు ఎక్కువ. లెక్క వేస్తే మొత్తం కరెంట్‌లో దాదాపు 44 శాతం ఆ ఒక్క శాతం వైశాల్యం నుంచే పోతోంది. అదే పలచని చోటు 1 నానోమీటర్ అయితే 93 శాతం అక్కడినుంచే. చెరువు కట్ట ఎంత పొడవున్నా, ఎంత వెడల్పున్నా, గండి పడేది కట్ట సన్నబడ్డ చోటే. నువ్వు మీటరులో చూస్తున్నది నీ జంక్షన్ సగటును కాదు, దాని సన్నని చోట్లను.

నీ 0.9 నానోమీటర్‌కు సగం జవాబు ఇదే. సిమన్స్ 1963లో ఇచ్చిన ఫార్ములా సమతలమైన, ఒకే మందమున్న అవరోధానికి. దాన్ని గరుకు ఆక్సైడ్‌కు ఫిట్ చేస్తే సన్నని చోట్ల మందమే బయటికొస్తుంది. మిగతా సగం, నువ్వు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిగానే ఉంచేశావు. ఆక్సైడ్ శక్తి అంతరంలో తరంగం తగ్గే వేగాన్ని ప్రభావ ద్రవ్యరాశి, అంటే ఆ పదార్థం లోపల ఎలక్ట్రాన్‌కు ఉన్నట్టు కనబడే ద్రవ్యరాశి, నిర్ణయిస్తుంది. స్వేచ్ఛా ద్రవ్యరాశిని 1 అనుకుంటే అది చాలా ఆక్సైడ్లలో 1 కన్నా బాగా తక్కువ. 0.4 అనుకొని చూడు, 0.9 కాస్తా 1.4 అవుతుంది. ఘాతంలో ద్రవ్యరాశి వర్గమూలం, మందం, ఎత్తు వర్గమూలం మూడూ కలిసే వస్తాయి కాబట్టి ఒక కర్వ్ నుంచి మూడింటినీ విడదీయలేవు. రిపోర్టులో "మందం 0.9" అని రాయకు. "స్వేచ్ఛా ద్రవ్యరాశితో ప్రభావ మందం 0.9" అని రాయి, అది నిజం.

ఇంకా ముఖ్యమైన మాట. ఫిట్ బాగా కుదిరిందని మురిసిపోకు. ఆక్సైడ్‌లో సూదిమొనంత రంధ్రం ఉండి, దాని గుండా లోహం లోహాన్ని తాకుతున్న జంక్షన్లు కూడా సిమన్స్ ఫార్ములాకు అందంగా కుదురుతాయి. కర్వ్ కొద్దిగా వంగడం, వాహకత వోల్టేజ్‌తో పారాబొలాలా పెరగడం టన్నెలింగ్‌కు అవసరమైన లక్షణాలే, అవి మాత్రమే సరిపోవు. అయస్కాంత లోహాలతో చేసే మాగ్నెటిక్ టన్నెల్ జంక్షన్ల వాళ్లు ఈ విషయం మీద ఏళ్లు తగువులాడుకొని, చివరికి నమ్మదగిన పరీక్ష ఉష్ణోగ్రతే అని ఒప్పుకున్నారు.

ఆ పరీక్ష నువ్వు కూడా చేయగలవు. ద్రవ నత్రజని వరంగల్‌లో దొరకని వస్తువేం కాదు. పశుసంవర్ధక శాఖ వాళ్లు కృత్రిమ గర్భధారణ స్ట్రాలు దాంట్లోనే దాచుతారు, మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం పెట్టించి, మంచి డీవార్ ఫ్లాస్క్ పట్టుకొని అడిగితే దారి దొరుకుతుంది. జంక్షన్‌ను గది ఉష్ణోగ్రత నుంచి 77 కెల్విన్‌కు దింపు. నికార్సైన టన్నెలింగ్ అయితే నిరోధం కొద్దిగా పెరుగుతుంది. 1.5 నానోమీటర్లు, 2 ఎలక్ట్రాన్ వోల్టుల అవరోధానికి లెక్క చెప్పేది 3, 4 శాతం మార్పు. నిజమైన జంక్షన్లలో ఇంకొంచెం ఎక్కువే కనబడుతుంది. చల్లబరిస్తే నిరోధం తగ్గిందనుకో, అది లోహం లక్షణం, ఎక్కడో షార్ట్ ఉంది. వేల రెట్లు పెరిగిపోయిందనుకో, అప్పుడు వేడితో నడిచే దారి ఏదో ఉంది. అవరోధం పైనుంచి దూకే షాట్కీ ఉద్గారం కావచ్చు, ఆక్సైడ్‌లోని లోపాల నుంచి ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం ఊడబెరికే పూల్-ఫ్రెంకెల్ కావచ్చు, లోపం నుంచి లోపానికి గెంతే హాపింగ్ కావచ్చు. మందమైన ఆక్సైడ్లలో ఛార్జ్ నిజంగానే ఇన్సులేటర్ లోపల కదులుతుంది, అయితే ఈ దారుల్లో.

లోపాల సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవరోధం సరిగ్గా మధ్యలో, సరైన శక్తి దగ్గర ఒక లోపం ఉంటే ఎలక్ట్రాన్ రెండు చిన్న అంగల్లో దాటుతుంది. ఒక్కో అంగకు ఘాతం సగం. రెండు అంగలు వరుసగా జరుగుతాయి కాబట్టి రేటును నిర్ణయించేది ఆ సగం ఘాతమే. 2 నానోమీటర్ల అవరోధానికి 29 ఉండాల్సిన ఘాతం 14.5 అయిపోతుంది. ఆ లోపం దగ్గర దారి మిగతా ఆక్సైడ్‌తో పోలిస్తే లక్షల రెట్లు తేలిక. తేమ ఉన్న రోజుల్లో చేసిన ఆక్సైడ్‌లో ఇలాంటివి ఎక్కువ. వానాకాలంలో బెల్ జార్ (ఆవిరి పట్టించే శూన్యపు గది మూత) తెరిచి మామూలు గాలిలో ఆక్సైడ్ పెంచడం నాకు ఇష్టం లేదు. సిలిండర్ నుంచి పొడి ఆక్సిజన్ వదిలి, ఫలానా పీడనం, ఫలానా సమయం అని రాసుకొని చేస్తే రేపు మళ్లీ చేయగలుగుతావు.

నీ నాలుగు వైర్ల కొలత (కరెంట్‌కు రెండు, వోల్టేజ్‌కు వేరే రెండు వైర్లు) గురించి కూడా ఒక హెచ్చరిక. నీది అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పట్టీలు వేసిన క్రాస్ జంక్షన్. జంక్షన్ నిరోధం ఆ పట్టీల చదరపు నిరోధంతో (పట్టీలో ఒక చదరపు ముక్క నిరోధంతో) పోలిస్తే చాలా ఎక్కువ ఉన్నంతవరకు కొలత సరైనదే. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే కరెంట్ జంక్షన్ మొత్తం పరుచుకోకుండా ఒక మూల నుంచి దిగిపోతుంది, అప్పుడు నాలుగు వైర్ల మీటరు అసలు కన్నా తక్కువ నిరోధం చూపిస్తుంది. మరీ తక్కువ నిరోధమున్న జంక్షన్లలో రుణ నిరోధం కూడా చూపిస్తుంది. జంక్షన్ పట్టీల కన్నా కనీసం 10 రెట్లు ఎక్కువ నిరోధం ఉండేట్టు చూసుకో. కనెక్షన్లకు ఇండియం అనే మెత్తని లోహం నొక్కేటప్పుడు జంక్షన్ రెండు కొసలూ ఒక సన్నని తీగతో కలిపి ఉంచు, సోల్డరింగ్ ఐరన్ మొనకు ఎర్త్ ఇవ్వు. ఒకటిన్నర నానోమీటర్ల ఆక్సైడ్‌కు వోల్టు దాటితే ప్రాణాపాయమే. అంటే సెంటీమీటరుకు సుమారు 67 లక్షల వోల్టుల క్షేత్రం. నైలాన్ చొక్కా వేసుకొని కుర్చీలోంచి లేచినా అంతకంటే ఎక్కువ స్థిర విద్యుత్తు వస్తుంది.

పక్కా రుజువు కావాలంటే ఒక లోహాన్ని బాగా చల్లబరిచి అతివాహకం (నిరోధం పూర్తిగా పోయిన స్థితి) చేయాలి. 1960లో జనరల్ ఎలక్ట్రిక్ లాబొరేటరీలో ఐవర్ గ్యావర్ చేసింది అదే. గాజు మీద అల్యూమినియం పట్టీ, దాని మీద గాలిలో ఏర్పడిన ఆక్సైడ్, దాని మీద సీసం పట్టీ. నీ ప్రాజెక్టుకూ దానికీ తేడా పై పట్టీ ఒక్కటే. సీసం 7.2 కెల్విన్ కింద అతివాహకం అవుతుంది, అప్పుడు దాని ఫెర్మీ స్థాయికి రెండు వైపులా ఒక్కో మిల్లీఎలక్ట్రాన్ వోల్టుకు కాస్త పైన శక్తి అంతరం తెరుచుకుంటుంది. ఆ అంతరం లోపల వోల్టేజ్ పెడితే కరెంట్ దాదాపు ఆగిపోతుంది, అంచు దాటగానే ఎగుస్తుంది. లోహపు షార్ట్ ద్వారా పోయే కరెంట్ అలా ఆగదు. గ్యావర్ చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, ఫిజిక్స్ తర్వాత నేర్చుకున్నాడు. 1973 నోబెల్‌ను ఎసాకి, జోసెఫ్‌సన్‌లతో కలిసి అందుకున్నాడు. ద్రవ హీలియం మన దగ్గర కష్టం, కాబట్టి నీ ప్రాజెక్టుకు నత్రజని చాలు.

ఛార్జ్ "ఎలా" కదులుతుంది అన్నదానిలో ఇంకో కోణం ఉంది, నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. తీగలో ఛార్జ్ నిరంతరంగా జరుగుతుంది. ఎలక్ట్రాన్ల మేఘం మొత్తం అయాన్ల మీద కొద్దిగా పక్కకు జరిగితే చాలు, జంక్షన్ అంచున పేరుకునే ఛార్జ్ ఎలక్ట్రాన్ ఛార్జ్‌లో పదో వంతు కావచ్చు, మూడో వంతు కావచ్చు. ఆక్సైడ్ దాటేది మాత్రం ఎప్పుడూ ఒక పూర్తి ఎలక్ట్రాన్. జంక్షన్ ఒక కెపాసిటర్ కూడా కదా. 2 నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్‌కు చదరపు మైక్రాన్‌కు సుమారు 40 ఫెమ్టోఫారడ్లు. ఒక ఎలక్ట్రాన్ ఎక్కితే దానికి అయ్యే ఖర్చు 2 మైక్రోఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 0.02 కెల్విన్ వేడితో సమానం, ఎవరికీ కనబడదు. జంక్షన్‌ను 100 నానోమీటర్ల చదరానికి కుదిస్తే అదే ఖర్చు 200 మైక్రోఎలక్ట్రాన్ వోల్టులు, 2.3 కెల్విన్. అంతకన్నా బాగా చల్లగా ఉంచి, నిరోధం 25.8 కిలో ఓమ్‌లకు పైన ఉంచితే, ఆ ఖర్చు భరించే వోల్టేజ్ వచ్చేదాకా ఒక్క ఎలక్ట్రాన్ కూడా దాటదు. ఫుల్టన్, డోలన్ 1987లో ఇలాంటి రెండు జంక్షన్ల మధ్య ఒక చిన్న లోహపు దీవి పెట్టి, పక్కన గేట్ వోల్టేజ్‌తో ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా అదుపు చేసి చూపించారు. ఒక్కొక్కటిగా దాటడానికి ఆనవాలు పెద్ద జంక్షన్లలో కూడా ఉంటుంది, అది కరెంట్‌లోని షాట్ నాయిస్, అంటే ఎలక్ట్రాన్లు విడివిడిగా రావడం వల్ల కరెంట్‌లో కనబడే చిన్న హెచ్చుతగ్గులు. దాని నుంచి ఎలక్ట్రాన్ ఛార్జ్ విలువనే కొలవొచ్చు.

రెండు పక్కలా అతివాహకాలైతే ఎలక్ట్రాన్లు జంటలుగా, వోల్టేజ్ లేకుండానే దాటుతాయి. 1962లో జోసెఫ్‌సన్ చెప్పింది అది. దాని మీద నేను మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ తెగదు. ఒక్కటి మాత్రం, 2025 ఫిజిక్స్ నోబెల్ క్లార్క్, డెవోరే, మార్టినిస్‌లకు వచ్చింది కదా, వాళ్లు 1980లలో పనిచేసింది కూడా ఇలాంటి జంక్షన్ మీదే. అక్కడ టన్నెల్ అయింది ఒక ఎలక్ట్రాన్ కాదు, లెక్కలేనన్ని జంటల ఉమ్మడి స్థితి.

వోల్టేజ్ బాగా పెంచితే కథ మారుతుంది. చిన్న వోల్టేజ్‌లకు అవరోధం చతురస్రంలా ఉంటుంది, కరెంట్ వోల్టేజ్‌కు అనుపాతంలో పోతుంది. అవరోధం ఎత్తును మించి వోల్టేజ్ పెడితే అది ఒక పక్కకు వాలి త్రికోణం అవుతుంది, ఎలక్ట్రాన్ పూర్తి మందం దాటనక్కర్లేదు, ఆక్సైడ్ వాహక పట్టీలోకే (ఆక్సైడ్ లోపల ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరగగల శక్తి స్థితుల్లోకే) దిగిపోతుంది. 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ లోహం నుంచి శూన్యంలోకి ఎలక్ట్రాన్లు రావడానికి రాసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. నీ ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ దీని మీదే నడుస్తుంది. సుమారు 8 నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడ్, 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల అవరోధం. వోల్టేజ్ లేకుండా దాని గుండా నేరుగా దాటడానికి ఘాతం 140కి పైనే, అందుకే లోపల పెట్టిన ఛార్జ్ ఏళ్లు నిలుస్తుంది. సెంటీమీటరుకు కోటి వోల్టుల క్షేత్రం పెట్టగానే అదే ఆక్సైడ్ మిల్లీసెకను లోపల ఛార్జ్‌ను దాటనిస్తుంది. మరోపక్క ట్రాన్సిస్టర్ గేట్ ఆక్సైడ్ 1.2 నానోమీటర్లకు, అంటే నాలుగైదు పరమాణు పొరలకు దిగాక నేరుగా టన్నెలింగ్ లీకేజ్ భరించలేక, 2007లో హాఫ్నియం ఆక్సైడ్‌కు మారాల్సి వచ్చింది. మందం పెంచుకుంటూ కెపాసిటెన్స్ పోగొట్టుకోకుండా ఉండడమే దాని ఉద్దేశం.

ఇగ మీ పొలం సంగతి. అల్యూమినియం తీగ మీద గాలి తగిలిన వెంటనే 2 నుంచి 4 నానోమీటర్ల ఆక్సైడ్ కడుతుంది, అది నిజం. రెండు తీగలు మెలిపెట్టి టేపు చుడితే కరెంట్ ఆ రెండు పొరల గుండా టన్నెల్ అవుతుందా? కాదు. రెండు పొరలూ కలిపితే 4 నానోమీటర్లకు తక్కువ కాదు. పైన చెప్పిన ఘాతం ప్రకారం 2 నానోమీటర్ల జంక్షన్‌తో పోలిస్తే అది లక్షల కోట్ల వంతు. 5 హార్స్‌పవర్ మోటారు లాగే 8 ఆంపియర్లు ఆ దారిలో పోవడం జరగని పని. మెలిపెట్టినప్పుడు తీగల గరుకు మొనలు ఒకదాన్నొకటి గీరుకొని ఆక్సైడ్ పగులుతుంది. ఆక్సైడ్ పెళుసు, కింద అల్యూమినియం మెత్తన, పగిలిన సందులోంచి లోహం పొడుచుకొచ్చి లోహాన్ని తాకుతుంది. కరెంట్ మొత్తం అలాంటి కొద్ది చుక్కల గుండానే పోతుంది. విద్యుత్ స్పర్శల శాస్త్రానికి పునాది వేసిన రాగ్నర్ హోల్మ్ ఈ చుక్కల లెక్క కట్టాడు, పలచని పొరల టన్నెలింగ్ లెక్క కూడా వేశాడు, కాబట్టి నీ రెండు ప్రశ్నలూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నవే.

చుక్క నిరోధం చాలా సులువు: లోహపు నిరోధకతను చుక్క వ్యాసంతో భాగిస్తే చాలు. 10 మైక్రాన్ల వ్యాసార్ధమున్న ఒక్క చుక్క 1.4 మిల్లీ ఓమ్‌లు. 8 ఆంపియర్లకు దాని మీద 11 మిల్లీవోల్టులు, భయం లేదు. మోటారు నడిచినప్పుడు వేడెక్కి, ఆగినప్పుడు చల్లబడి, అల్యూమినియం ఒత్తిడి కింద మెల్లగా సాగి జాయింట్ వదులవుతుంది. సందులోకి గాలి, తేమ చేరి చుక్కల అంచుల మీద మళ్లీ ఆక్సైడ్ కడుతుంది. చుక్క వ్యాసార్ధం 1 మైక్రాన్‌కు తగ్గిందనుకో, నిరోధం 14 మిల్లీ ఓమ్‌లు, దాని మీద 0.11 వోల్టులు. అల్యూమినియం స్పర్శ చుక్క మీద 0.1 వోల్టు దాటితే లోహం అక్కడ మెత్తబడుతుంది, 0.3 వోల్టు దగ్గర కరుగుతుంది. మెత్తబడి కొంచెం పరుచుకొని మళ్లీ తేరుకుంటుంది, మళ్లీ వదులవుతుంది, ప్రతిసారీ టేపు ఇంకొంచెం మాడుతుంది. చుక్కలన్నీ పోయి ఆక్సైడ్ ఒక్కటే మిగిలినా లైన్ వోల్టేజ్ ముందు ఆ 4 నానోమీటర్లు నిలవవు, పగిలిపోయి కొత్త చుక్క కరిగి పుడుతుంది, సన్నని చిటపట వినిపించేది అప్పుడే.

కాబట్టి జాయింట్‌ను మెలిపెట్టి వదిలేయొద్దని మీ నాయనకు చెప్పు. మెయిన్ ఆఫ్ చేయించి, తీగ కొసను ఎమరీ పేపర్‌తో రుద్ది, వెంటనే జాయింట్ పేస్ట్ పూయాలి. ఆలస్యమైతే ఆక్సైడ్ మళ్లీ కడుతుంది. ఆ తర్వాత సరైన సైజు అల్యూమినియం లగ్‌ను క్రింపింగ్ టూల్‌తో నొక్కించాలి. మోటారు పక్క తీగ రాగిది అయితే రాగి, అల్యూమినియం నేరుగా కలపకుండా బైమెటల్ లగ్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, స్టార్టర్ ఆఫ్ చేసినా సర్వీస్ వైరులో కరెంట్ ఉంటూనే ఉంటుంది.